నిదానమే ప్రధానము: డీజిలు కారునందు ఇంధనపీడన లోపము

నిదానమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. తొందరపడకుండుట యొకటి, రోగమునకు మూలకారణమును కనుగొనుట రెండవది. చరకసంహిత ఆయుర్వేదమును హేతువు, లింగము, ఔషధము అను మూడు సూత్రములలో నిమిడ్చినది. హేతువనగా కారణము, లింగమనగా పైకి కనుపించు గుర్తు, ఔషధమనగా మందు. గుర్తును మాత్రమే చూచి, కారణమును విచారింపక, మందు వెంట మందు మార్చుచు బోవు వైద్యుని చేతిలో రోగి ధనమును, దేహమును గూడ క్షీణించును. ఈ ధర్మము మనుష్యశరీరమునకే గాక మన వాకిట నిలిచియుండు డీజిలు కారునకును వర్తించునని చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

సోదరీమణులారా! బండి మరమ్మతు సంగతి మనకెందుకని పుట త్రిప్పకుడు. నేడు మనలో ననేకులు స్వయముగ బండి నడుపుచున్నారు. నడపనివారి యిండ్లలోనైనను బండికైన వ్యయము తుదకు గృహిణి లెక్కపుస్తకములోనికే వచ్చి చేరును. మారుతీ సంస్థ 2020వ సంవత్సరము ఏప్రిలు నెలనుండి డీజిలు కార్లను మానివేసినది. అంతకు ముందు చేసిన బండ్లు నేటికిని మన యూళ్లలో తిరుగుచున్నవి. చేతులు మారి, ధర తగ్గి, మధ్యతరగతి యిండ్లకు వచ్చుచున్నవి. వయసు మీఱిన డీజిలు బండికి వచ్చు జబ్బులలో ఇంధనపు టొత్తిడి తగ్గుట యొకటి. సరిగా గుర్తించినచో నది యొక్కొక్కప్పుడు కొన్ని వందల రూపాయలతో కుదురును. గుర్తింపనిచో పంపును, ఇంజెక్టర్లను వరుసగా మార్చి వేలకు వేలు పోసినను కుదరకపోవచ్చును.

ఇంత యొత్తిడి యేల?

పెట్రోలు బండిలో విద్యుత్తు నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు బండిలో నట్టి రవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన యంత్రమును నడిపి చూపెను. గాలిని మిక్కిలి గట్టిగా నదిమినచో నది కొలిమివలె వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి ఇంధనమును చిమ్మినచో దానంతట నదియే మండును. నేటికిని మూలసూత్ర మిదియే. అయితే డీజిలు ధారగా బడినచో సరిగా మండక పొగ గ్రక్కును. అది మంచుతుంపరకంటె సన్నముగా చెదరవలెను. ఇంజెక్టరు కొననుండు రంధ్రములు వెండ్రుకకంటె కొంచెము మాత్రమే వెడల్పైనవి. వానిగుండ నింధనమును త్రోసి చెదరగొట్టుటకే యింత యొత్తిడి కావలసివచ్చినది.

1997లో ఆల్ఫా రోమియో 156 అను కారుతో "కామన్ రైలు" అను పద్ధతి కార్లలోనికి ప్రవేశించెను. దీనియందు పంపు ఇంధనమును గట్టి యుక్కుగొట్టమొకదానిలో నదిమి నింపియుంచును. ఆ గొట్టమునకే రైలని పేరు. ఇంజెక్టర్లన్నియు దానినుండియే తీసికొనును. ఆ తొలి బండ్లలో నొత్తిడి 1350 బార్ల వరకుండెను; తరువాతి వానిలో 1600, 1800, 2000 బార్ల వరకు పెరిగెను. బారనగా ఇంచుమించు మన చుట్టునున్న గాలి యొత్తిడి. వంటింటి ప్రెషరు కుక్కరులో విజిలు లేచునప్పటికి లోపల నదనముగ నుండునది సుమారొక బారు. కారు చక్రములో రెండు బార్లకు కొంచె మెక్కువ. 1600 బార్లనగా ఒక చదరపు సెంటీమీటరు, అనగా వ్రేలిగోరంత చోటుమీద, 1600 కిలోల బరువు నిలుపుట. లోకమున మిక్కిలి లోతైన సముద్రగర్భమునందైనను నొత్తిడి 1100 బార్లకు మించదు. అంతకు మించినది మన బండి మూతక్రింద నున్నదని తలంచినచో, దానియందు వెండ్రుకవాసి సందును ఎంత చేటు చేయునో తెలియగలదు.

ఇంధనము నడచు త్రోవ

కిరసనాయిలు పంపుస్టవ్వుమీద వంట చేసిన పెద్దలకీ సంగతి సులభముగా బోధపడును. మంట తగ్గుటకు కారణ మొక్కటే కాదు. నూనె యైపోయి యుండవచ్చును. మూతమర బిగియక గాలి జారుచుండవచ్చును. మంట వచ్చు రంధ్రము మసితో మూసికొని యుండవచ్చును. పంపులోని తోలువాషరు ఎండి గాలిని పట్టకుండవచ్చును. అనుభవము గల యిల్లాలు వెంటనే క్రొత్త స్టవ్వు కొనుమనదు. మొదట నూనె చూచును. పిదప మూత బిగించును. పిదప పిన్నుతో రంధ్రము పొడుచును. చివరకు వాషరు విప్పును. సులభమైనదానినుండి కష్టమైనదానికి, చౌకయైనదానినుండి ప్రియమైనదానికి బోవు క్రమమిది. డీజిలు కారునకును ఇదే క్రమము.

టాంకునుండి ఇంధనము ముందుగా ఫిల్టరునకు వచ్చును. కొన్ని బండ్లలో టాంకులోనే చిన్న విద్యుత్ పంపుండి దానిని త్రోయును. మఱికొన్నిటిలో పెద్దపంపుతో గూడియున్న చిన్నపంపు ఫిల్టరుగుండ పీల్చుకొనును. ఇది తక్కువ యొత్తిడి భాగము. అటుపిమ్మట పెద్దపంపునకు ఎంత ఇంధనము పోవలెనో నిర్ణయించు వాల్వు గలదు. పిదప పెద్దపంపు, పిదప రైలు, రైలుమీద నొత్తిడిని కొలిచి చెప్పు సెన్సారు, పిదప ఇంజెక్టర్లు. ఇంజెక్టర్లు చిమ్మగా మిగిలినదియు, వాని సందులనుండి జారినదియు, సన్నగొట్టములగుండ మరల వెనుకకు పోవును. ఈ తిరుగుదారిని మఱువకుడు. రోగము తఱచుగా నక్కడ దాగియుండును.

బండిలోని కంప్యూటరు క్షణక్షణము "ఇంత యొత్తిడి కావలె"నని కోరుచుండును. సెన్సారు "ఇంత యున్న"దని చెప్పుచుండును. రెండును సరిపోయినంతకాలము క్షేమము. కోరినదానికంటె నున్నది చాల తగ్గినచో హెచ్చరికదీపము వెలుగును, బండి తన శక్తిని తానే తగ్గించుకొని కుంటునడక నడచును, ఒక్కొక్కప్పు డాగిపోవును. తాళము త్రిప్పినపుడు, బండిని బట్టి, 150 నుండి 250 బార్లైనను రానిచో పెక్కు బండ్లలో కంప్యూటరు ఇంజెక్టర్లను తెరువనే తెరువదు. అప్పుడు మోటారు గిరగిర తిరుగును గాని బండి రగులుకొనదు.

గుర్తులను చదువుట

వైద్యుడు రోగిని ముందుగా నడుగునది "ఎప్పుడు? ఎట్లు?" అని. బండి విషయమునను ఈ ప్రశ్నకు ప్రత్యుత్తర మీయగలవారు ప్రతిదినము దానిలో దిరుగు మనమే, మెకానిక్కు కాదు.

రాత్రియంతయు నిలిచిన బండి తెల్లవారి చాలసేపు త్రిప్పినగాని రగులుకొననిచో, ఎక్కడనో గాలి చొఱబడి గొట్టములోని డీజిలు వెనుకకు జారిపోవుచున్నదేమో యని యనుమానింపవలెను. చల్లగా నున్నపుడు చక్కగా బయలుదేరి, వేడెక్కిన తరువాత నాపినచో మరల రగులుకొననిచో, అది వేఱు. డీజిలు వేడెక్కినకొలది పలుచబడి, అరిగిన పంపులోను, అరిగిన ఇంజెక్టర్లలోను సందులగుండ నెక్కువగా జారును. చదునునేలమీద బాగుగ నడచి, ఎత్తెక్కునపుడు మాత్రమే డీలాపడినచో, కొద్ది ఇంధనము చాలినపుడు సరిపోవుచు, ఎక్కువ కావలసినపుడు చాలకుండుచున్నదని యర్థము. మూసికొనిపోయిన ఫిల్టరు మొదటి యనుమానితుడు. వర్షకాలమున డీజిలు పోయించిన వెంటనే తడబాటు మొదలైనచో నీరు కలిసినదేమో చూడవలెను. ఈ వివరములను తేదీతో నొక కాగితముమీద వ్రాసియిచ్చినచో సగము నిదానమైనట్లే.

సంకేతము సాక్షియే గాని తీర్పు కాదు

మెకానిక్కు స్కానరను చిన్నయంత్రమును బండికి తగిలించినచో నొక సంకేతము వచ్చును. పి0087 అని వచ్చినచో రైలులో నొత్తిడి తక్కువయని యర్థము. పి0088 అనినచో నెక్కువయని. పి0192, పి0193 అనునవి సెన్సారు తీగలో విద్యుత్తు తగ్గినదనియో, పెరిగినదనియో చెప్పును. పి0087 చూచినతోడనే "పంపు పోయిన"దని చెప్పువారు మన యూళ్లలో తక్కువవారు కారు. ఇక్కడనే మోసమున్నది.

తార్కికులు దీనికి మంచి దృష్టాంతము చెప్పుదురు. కొండమీద పొగ కనుపించినచో నిప్పున్నదని నిశ్చయింపవచ్చును. కాని నిప్పున్నది గనుక పొగ యుండి తీరవలెననుట తప్పు; కాలిన యినుపగుండునందు నిప్పున్నను పొగ లేదు. ఇట్టి చెడిన హేతువునకు సవ్యభిచారమని పేరు. పంపు చెడినచో నొత్తిడి తగ్గునను మాట నిజమే. ఒత్తిడి తగ్గినది గనుక పంపు చెడినదనుట మాత్రము తర్కమునకు నిలువదు. ఫిల్టరు మూసికొన్నను తగ్గును. గాలి చొఱబడినను తగ్గును. ఇంజెక్టరు కాఱినను తగ్గును. వాల్వు పట్టుకొనిపోయినను తగ్గును. సెన్సారు అబద్ధమాడినచో తగ్గకయే తగ్గినట్లు కనుపించును.

పరీక్షాక్రమము

మొదటిది, ఖర్చులేని పరీక్ష. టాంకులో డీజిలున్నదా? ఫిల్టరు మార్చి యెంతకాలమైనది? దాని యడుగున జేరు నీటిని తీసి చూచితిరా? గొట్టముల కీళ్లవద్ద తడి యున్నదా?

రెండవది, అంకెలను చూచుట. స్కానరు సంకేతమును మాత్రమే కాక, కోరిన యొత్తిడిని, ఉన్న యొత్తిడిని ప్రక్కప్రక్కన చూపగలదు. బండి నిలిచి మ్రోగుచున్నపుడును, వేగము పెంచినపుడును, ఎత్తెక్కునపుడును ఈ రెండంకెలను చూడవలెను. యంత్రమాపి చాలసేపైన తరువాత రైలులో నొత్తిడి సున్నకు దగ్గఱగ చూపవలెను. అప్పుడును పదులకొలది బార్లు చూపుచున్నచో సెన్సారో, దాని తీగయో అబద్ధపుసాక్ష్యము చెప్పుచున్నదన్నమాట. అట్టి సెన్సారు మాట నమ్మి కంప్యూటరు ఒత్తిడిని తగ్గించివేయును. అంకెలు సరిపోయినట్లే యుండును గాని యంత్రమున కాకలి తీరదు.

మూడవది, తక్కువ యొత్తిడి భాగము. ఫిల్టరునకును పంపునకును నడుమ తాత్కాలికముగ నొక పారదర్శకమైన గొట్టమును బెట్టినచో బుడగలు కంటికే కనుపించును. పీల్చుకొను బండ్లలో రబ్బరు గొట్టము నెఱ్ఱె వాసినను డీజిలు బయటికి కాఱదు. గాలియే లోనికి బోవును. అందువలన పైకి తడి లేనంతమాత్రమున గొట్టము నిర్దోషి కాదు.

నాల్గవది, తిరుగుదారి పరీక్ష. ఒక్కొక్క ఇంజెక్టరు వెనుకగొట్టమునకు నొక్కొక్క చిన్నసీసా తగిలించి కొన్ని నిమిషములు యంత్రమును నడుపుదురు. నాలుగు సీసాలలో నించుమించు సమముగ నిండినచో మంచిది. ఒకటి మాత్రము మిగిలినవానికంటె మిక్కిలి నిండినచో ఆ ఇంజెక్టరు రైలులోని యొత్తిడిని దొంగిలించుచున్నదని తెలియును. ఒక్కదానిని బాగుచేసిన సరిపోవు; నాలుగింటిని మార్చ నక్కఱలేదు.

ఐదవది వాల్వులు. రైలుచివర నొత్తిడిని విడుచు వాల్వున్న బండ్లలో అదియు కాఱుచుండవచ్చును. పంపుమీది వాల్వు తీగను ఊడదీసినచో కొన్ని బండ్లలో ఒత్తిడి మిక్కిలి పెరుగును, మఱికొన్నిటిలో పూర్తిగ నిలిచిపోవును. కావున తయారుచేసినవారి పుస్తకము చూడక దానిని కదపరాదు. ఈ యైదును నిర్దోషులని తేలిన పిమ్మటనే పెద్దపంపు మీద నేరము మోపవలెను.

ఒక యుదాహరణము

మా యింటి బండి సంగతి చెప్పెదను. మా యింటివారు ఉపాధ్యాయులు. బండి పాతదే కొన్నారు. రెండేండ్లు బాగుగ నడచిన పిదప తెల్లవారుజామున రగులుకొనుటకు మొరాయింప సాగెను. అరకు పోవుచు అనంతగిరి ఘాటురోడ్డెక్కునపుడు దీపము వెలిగి, రెండవ గేరులో గాని కదలదాయెను. పట్టణములోని యొక మరమ్మతుశాలవారు స్కానరు తగిలించి, పి0087 చూచి, పెద్దపంపు మార్పవలెననిరి. వారు చెప్పిన సొమ్ము మా యింటివారి నెలజీతమునకు మించినది. పాప కళాశాల రుసుము కట్టవలసిన నెల యది.

మా వీధిలోని పెద్దవాడైన మెకానిక్కు బండిని చూచి, "అమ్మా! పంపు చెడినదో లేదో పంపునే యడుగుదము" అనెను. నిలిచి మ్రోగునపుడు కోరినదియు నున్నదియు 300 బార్ల ప్రాంతమున సరిపోయెను. వేగము పెంచినపుడు మాత్రము ఉన్నది వెనుకబడెను. మా బండిలో టాంకుపంపు లేదు, పెద్దపంపే పీల్చుకొనును. అతడు పారదర్శకపు గొట్టము పెట్టగా బుడగలు వరుసగా బోవుచుండెను. అప్పుడతడు టాంకును, ఫిల్టరును తప్పించి, శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, క్రొత్తగొట్టముతో పంపునకు నేరుగ నందించెను. బండి మొదటి త్రిప్పునకే రగులుకొనెను. వేగము పెంచినను రెండంకెలు కలిసి నడచెను. ఆయుర్వేదమున నుపశయమని యొక పరీక్ష గలదు. ఆహారమునో మందునో మార్చి చూచి, గుణమునుబట్టి రోగము నిశ్చయించుట. ఆ డబ్బా చేసినపని యదియే. మంచి డీజిలు గాలిలేక యందినపుడు పంపు తన పని చేసెను గనుక పంపు నిర్దోషి. ఫిల్టరునొద్ద రబ్బరు గొట్టము నెఱ్ఱె వాసియుండెను. ఫిల్టరును నల్లబడి యుండెను. రెండును మార్చినారు. మఱునెలలో బండి అదే ఘాటునెక్కెను. సీసాల పరీక్షలో మూడవ ఇంజెక్టరు మాత్రము కొంచె మెక్కువ విడుచుచుండుటచే, దానిని మఱుసటియేడు మరల చూడవలెనని చెప్పి పంపెను. ఆ మాట లెక్కపుస్తకములో వ్రాసియుంచితిని.

చేయరాని పనులు

పూర్వపు డీజిలు బండ్లలో ఇంజెక్టరు గొట్టపుమరను కొంచెము వదులుచేసి చూచుట వాడుక. కామన్ రైలు బండిలో నడచుచున్న యంత్రముపై నట్లు చేయుట ప్రాణాపాయము. సన్నని సందునుండి వెడలు ధార చర్మమును సూదివలె చీల్చి లోనికి బోవును. గాయము చీమకుట్టినంతయే కనుపించును. మొదట నొప్పియు నంతగా నుండదు. కాని లోపల కండ కుళ్లుట యారంభమగును, వ్రేలినో చేతినో తీసివేయవలసి రావచ్చును. అట్టిది జరిగినచో కాలయాపన చేయక ఆసుపత్రికి బోయి, అధికపీడనపు ఇంధనము చర్మములోనికి బోయినదని స్పష్టముగ చెప్పవలెను. అది శస్త్రచికిత్సకు తగిన యత్యవసరము. కాఱుచున్నచోటును చేతితో తడిమి వెదకరాదు. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. యంత్రమాపి, ఒత్తిడి దిగిన పిమ్మటనే పని మొదలిడవలెను.

డీజిలు పంపునకు డీజిలే కందెన. పెట్రోలుగాని, కిరసనాయిలుగాని కలిసినచో ఆ కందెన పోయి, లోహము లోహమును రాచుకొని, సన్నని ఇనుపపొడి రాలును. ఆ పొడి రైలునకు, ఇంజెక్టర్లకు ప్రాకి సమస్తమును చెఱచును. బంకులో పొరపాటున పెట్రోలు పోసినచో తాళమునైనను త్రిప్పకుడు. టాంకులో పంపున్న బండ్లలో తాళము త్రిప్పినతోడనే ఇంధనము ముందునకు బోవును. బండిని త్రోయించి ప్రక్కకు బెట్టి, టాంకు ఖాళీ చేయించుటయే మార్గము. ఫిల్టరును గడువునకు మార్చుట, అందలి నీటిని తీయించుట, రద్దీగా నుండు బంకునందే డీజిలు పోయించుట, టాంకును అడుగంటనీయకుండుట – ఇవియే పథ్యములు.

మనము చేయవలసినది

మనము పానాలు పట్టనక్కఱలేదు. నాలుగు ప్రశ్న లడిగిన చాలును. కోరిన యొత్తిడి యెంత, ఉన్నదెంత? గాలి చొఱబడుటలేదని యెట్లు నిశ్చయించితిరి? తిరుగుదారి సీసాల పరీక్ష చేసితిరా? పంపు చెడినదనుటకు సంకేతముగాక వేఱు రుజువేమి? నిజముగ పరీక్షించిన పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషముతో సమాధానము చెప్పును, అంకెలు చూపును, తీసిన పాతసామానును చేతికిచ్చును. పంపు చెడుటయు నుండును. అప్పుడు ఖర్చు పెట్టక తప్పదు. రుజువు చూచి పెట్టిన ఖర్చునకు విచారమును లేదు. జ్వరము వచ్చిన బిడ్డకు మందు పోయుటకుముందు నాడి చూచి, నాలుక చూచి, నిన్న నేమి తిన్నదో యడుగు తల్లికి ఈ విద్య క్రొత్తది కాదు. ఆ తల్లి యడుగు ప్రశ్నలనే బండినిగుఱించియు నడుగుట నేర్చుకొందము.